ఆటగాడి చేతిలో పెట్టే కానుక

(నంద్యాలలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదిక మీద చదువును గురించి, ఉద్యోగములను గురించి, పెండ్లి ఖర్చులను గురించి మాట్లాడుట మన ఆనవాయితీ. ఈ మారు మేము ఆటను గురించి మాట్లాడదలచినాము అనగానే కార్యదర్శి గారు, "ఆటలా? పిల్లలకు కుర్చీలాట పెడతాం గదా, చాలదా?" అన్నారు. చాలదు. ఎందుకు చాలదో మనవి చేస్తాము.

ఈ ఏడు స్కాలర్‌షిప్పుల కోసం వచ్చిన దరఖాస్తులలో ఒకటి ఆళ్ళగడ్డ వైపు పల్లె నుండి వచ్చింది. కుర్రవాడు నంద్యాలలో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. కబడ్డీ ఆడతాడు. "ఏమి సహాయము కోరుచున్నారు" అన్న చోట అందరూ ఫీజు అని, పుస్తకాలు అని వ్రాస్తే, ఇతడు "బూట్లు ఒక జత, మోకాలి పట్టీ, రోజుకు రెండు గుడ్లు" అని వ్రాసినాడు. చదివి వినిపించగానే కమిటీలో నవ్వు పుట్టింది. ఆ నవ్వు పోయి వాదన మొదలైంది. రెండు గంటలు సాగింది. టీ రెండు మార్లు వచ్చింది.

ఒక పెద్దాయన, "చదువుకోమని పంపితే ఆడుకుంటానంటాడు, దానికి మనం డబ్బియ్యాల్నా?" అన్నారు. ఇంకొకరు, పుస్తకాల పద్దులో బూట్లు ఎట్లా వ్రాసేది అన్నారు. మూడవ వారి మాట మాత్రం మమ్మల్ని ఆపివేసింది. "ఇయ్యాల మనమిస్తే రేపు ఎవురిచ్చినా తీసుకుంటాడు. కాలేజీ పిల్లోడు ఆటకు డబ్బు తీసుకోవడమే తప్పు. బహుమానం తీసుకోవడమూ తప్పే" అన్నారు.

ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన మాట కాదు. ప్రపంచమంతా నూరేండ్లకు పైగా ఈ మాట మీదనే నడిచింది. దానివల్ల ఏమైందో ఒక మనిషి కథ చెబుతాము.

జిమ్ థోర్ప్ అని అమెరికాలో ఆదివాసి జాతికి చెందిన యువకుడు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకాలు గెలిచినాడు. మరుసటి ఏడు 1913లో ఆ పతకాలు వెనక్కు తీసుకున్నారు. అతడు చేసిన నేరం ఏమి? 1909, 1910 వేసవులలో కొద్దిపాటి జీతానికి బేస్‌బాల్ ఆడినాడు. ఆ రోజులలో కాలేజీ పిల్లలు చాలామంది అట్లాగే సెలవులలో ఆడి నాలుగు డబ్బులు సంపాదించుకొనేవారు. కాని వారు మారుపేర్లతో ఆడేవారు. ఇతడికి ఆ ఉపాయం తట్టక తన సొంత పేరుతోనే ఆడినాడు. దాచినవారు తప్పించుకున్నారు, దాచనివాడు దొరికిపోయినాడు. 1953లో అతడు చనిపోయినాడు. 1982లో ఒలింపిక్ కమిటీ మనసు మార్చుకున్నది, 1983లో పతకాల నకళ్ళు అతని బిడ్డలకిచ్చినారు. 2022లో గాని ఆ రెండు పోటీలకూ అతడొక్కడే విజేత అని ఒప్పుకోలేదు.

ఈ కథలో మారుపేరు సంగతి మీరు మరువవద్దు. ఇదే మారుపేరు మన ఆళ్ళగడ్డ దారిలో కూడా కనబడుతుంది.

నాలుగేండ్ల క్రిందట మన సంఘం స్కాలర్‌షిప్పుతోనే ఒక అబ్బాయి నంద్యాలలో చదివినాడు. పేరు చెప్పము, వాళ్ళ అమ్మ ఇక్కడికి రావచ్చును. తెల్లవారుజామున ఆళ్ళగడ్డలో బస్సు పట్టుకొని వచ్చి, ప్రాక్టీసు చేసుకొని, క్లాసులకు పోయి, మళ్ళీ రాత్రికి ఇల్లు చేరేవాడు. కూతకు పోతే ఒకరినో ఇద్దరినో తాకకుండా వెనక్కు వచ్చేవాడు కాదు. మట్టి మీద ఆడినన్నాళ్ళు వట్టికాళ్ళే చాలినాయి. మ్యాట్ మీదికి వచ్చేసరికి బూట్లు కావలసి వచ్చింది. ఇంట్లో లేవు. కాలేజీని అడిగితే వచ్చే సంవత్సరం చూద్దామన్నారు. మనల్ని అడిగినాడు. ఇక్కడ మా తప్పు మేము ఒప్పుకుంటాము. ఆట ఖర్చు మన పరిధిలో లేదని ఒక వాక్యంలో జవాబు వ్రాసి పంపినాము. ఆ ఉత్తరం మీద సంతకం మాదే.

అప్పుడు ఒక పెద్దమనిషి దొరికినాడు. తిరునాళ్ళ పోటీలలో అబ్బాయి ఆట చూసి ముచ్చటపడి బూట్లు, ట్రాక్‌సూట్ కొనిచ్చినాడు. పండుగకు బట్టలు పెట్టినాడు. చేతిలో మూడు వేలు పెట్టి "ఉంచుకో నాయనా" అన్నాడు. ఏమీ అడగలేదు. ఆరు నెలల తరువాత అడిగినాడు. ఫలానా ఊళ్ళో పోటీ ఉంది, మా ఊరి జట్టులో ఆడు, మా ఊరివాడివి కావు గనుక పేరు వేరే చెబుదాము అని. అదే వారంలో కాలేజీ మ్యాచ్ ఉన్నది. అబ్బాయి కాదనలేకపోయినాడు. "వాళ్ళ బూట్లు కాళ్ళకు వేసుకొని కాదని ఎట్లా చెప్పేది సార్" అని తరువాత మాతో అన్నాడు. పోయినాడు, మారుపేరుతో ఆడినాడు, కూతలో పట్టుపడినప్పుడు నలుగురు మీద పడగా మోకాలు తిరిగిపోయింది.

తరువాత సంగతి కొంచెంలో చెబుతాము. కాలేజీ వారు మా ఆటలో తగిలిన దెబ్బ కాదన్నారు. పెద్దమనిషి ఆసుపత్రికి ఒకసారి వచ్చి పండ్లిచ్చి పోయినాడు. ఆడినవాడి పేరు వేరు గనుక పోటీ నడిపినవారి కాగితాలలో ఈ అబ్బాయే లేడు. వాళ్ళ అమ్మ మా ఇంటి అరుగు మీద కూర్చొని, "అన్నా, వాడు గెలిచినప్పుడు అందురూ మావోడే అన్నారు. ఇప్పుడు వాడు ఎవురోడు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ తల్లి ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు. అమెరికాలో రే డెన్నిసన్ అనే కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు 1955లో ఆటలో దెబ్బ తగిలి చనిపోయినాడు. పనిలో చనిపోయిన కార్మికుని కుటుంబానికి ఇచ్చే పరిహారం తనకిప్పించమని అతని భార్య కోర్టుకు పోయింది. 1957లో కొలరాడో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇవ్వనక్కరలేదని తీర్పు చెప్పింది. ఆ దేశంలో కాలేజీ ఆటల పెత్తనం చేసే ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థ ఆ కాలంలోనే "స్టూడెంట్ అథ్లెట్" అన్న మాటను పట్టుకొని అంతటా వాడించింది. పనివాడు కాదు, విద్యార్థి మాత్రమే అని చెప్పడానికి ఆ పేరు ఎంతో అక్కరకు వచ్చింది. టిక్కెట్ల డబ్బు, టెలివిజన్ డబ్బు కాలేజీలకు చేరింది, కోచ్‌లకు చేరింది. ఆడే పిల్లవాడు మాత్రం ఫీజు, తిండి, వసతి దాటి ఏమి పుచ్చుకున్నా దోషి. ఇంతా చేసి కానుకలు ఆగినవా? ఆగలేదు. కాలేజీ అభిమానులైన డబ్బున్నవారు చాటుగా ఇచ్చినారు, పిల్లలు చాటుగా పుచ్చుకున్నారు, బయటపడినప్పుడు పిల్లవాడి పేరు పత్రికలకెక్కింది.

చివరికి అక్కడి పిల్లలే కోర్టులకు పోయినారు. ఎడ్ ఓబానన్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు ఒక వీడియో గేములో తన పోలికతో ఉన్న బొమ్మను చూసి, నా ముఖం అమ్ముకుంటున్నారు, నాకు పైసా రాలేదే అని 2009లో దావా వేసినాడు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ అనే ఆటగాని కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్క మాట మీద నిలిచి, చదువుకు సంబంధించిన సహాయాల మీద ఆంక్షలు చెల్లవన్నారు. ఆ జులై 1 నుండి పిల్లలు తమ పేరు, తమ బొమ్మ మీద సంపాదించుకోవచ్చునని ఎన్.సి.ఎ.ఎ. ఒప్పుకున్నది. 2025 జూన్‌లో ఇంకొక కేసు రాజీ కుదిరి, కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకు చెల్లించే దారి తెరుచుకున్నది. మొదటి ఏడు ఒక్కొక్క కాలేజీ సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఇవ్వవచ్చును.

అయితే ఆ మార్గమే మనకూ మంచిదని మేము అనడం లేదు. అక్కడ డబ్బులో పెద్ద భాగం పేరు మోసిన ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పిల్లల వైపు పోతుంది. ఈత పిల్లకు, పరుగు పిల్లవాడికి మిగిలేది తక్కువ. పైగా మన కాలేజీ కబడ్డీకి టిక్కెట్లు ఎక్కడివి, టెలివిజన్ ఎక్కడిది? మన పిల్లల చెమటతో ఎవరూ కోట్లు గడించడం లేదు గనుక వాటా అడిగే ప్రశ్న లేదు. మన బాధ వేరు. మన దగ్గర కానుకలు లేక కాదు, అవి గెలిచిన తరువాత వస్తాయి.

మన వాళ్ళనే చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు హైదరాబాదులో బడిపంతులుగా ఉండి, 1950 నుండి సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దినారు. ఆ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకం ఆయన శిక్షణలో వచ్చినవే. ఆ రోజులలో ఒలింపిక్స్ ఆడేవాడు ఆటకు డబ్బు పుచ్చుకోరాదు. మరి వారు ఏమి తిని ఆడినారు? పోలీసు ఉద్యోగం. పేరుకు కానిస్టేబులు, పనికి ఫుట్‌బాలు. అది జీతమా, బహుమానమా, ఆట కూలియా అని అడిగితే మూడూను. అందులో గొప్పదనమేమంటే అది రిజిస్టరులో ఉండేది. ఒకటో తారీఖున వచ్చేది. ఇచ్చినవారికి రేపు ఇంకొక రహస్యపు పని చేసిపెట్టనక్కరలేదు.

ఆ పద్ధతి నేటికీ ఉన్నది. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయితే తెలంగాణ ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో డి.ఎస్.పి. ఉద్యోగమిచ్చింది. ఆటోడ్రైవరు కొడుకు మొహమ్మద్ సిరాజ్‌కు 2017 ఐ.పి.ఎల్. వేలంలో 2 కోట్ల 60 లక్షలు పలికింది, 2024లో అతడికీ డి.ఎస్.పి. ఉద్యోగం వచ్చింది. మన కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ చెవులు వినపడకపోయినా టెన్నిస్ నేర్చి, 2022 మే నెలలో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చింది. మాషా అల్లాహ్, సంతోషమే. కాని రెండు కోట్లు వచ్చేనాటికి బూట్ల అవసరం తీరిపోయి ఉంటుంది. బూట్లు లేని ఏడు ఎవరూ రారు. వచ్చినవాడు వట్టి చేతులతో పోడు. ఆ ఏడే మన పిల్లవాడు ఆళ్ళగడ్డ బస్సులో నిలబడి ప్రయాణం చేస్తుంటాడు.

ఢిల్లీ ప్రభుత్వం ఖేలో ఇండియా పేరుతో ఎంపిక చేసిన పిల్లలకు చేతి ఖర్చుకు నెలకు 10 వేలు నేరుగా బ్యాంకులో వేసే ఏర్పాటు చేసింది. అంటే ఆటకు డబ్బిస్తే చదువుకునే పిల్లవాడు చెడిపోతాడన్న మాటను ప్రభుత్వమే ప్రక్కన పెట్టింది. కాని అంత ఎంపికకు అందేవారు ఎందరు? అందనివారి సంగతే మన సంగతి.

ఇప్పుడు దీన్ ఏమి చెబుతుందో చూద్దాము. మేము ఆలిములము కాము, విన్నది చెబుతాము, తప్పుంటే వేదిక మీది మౌలానా గారు దిద్దుతారు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు ఇబ్నుల్ లుత్బియ్యా అనే ఆయనను జకాత్ వసూలుకు పంపినారు. ఆయన తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చినారు అని రెండు కుప్పలు పెట్టినాడు. ప్రవక్త వారు మింబరు ఎక్కి, ఇతడు తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈ కానుకలు వచ్చేవా అన్న భావంతో నిలదీసినారు. హదీయాకు, రిష్వత్‌కు మధ్య గీత ఎక్కడ అని అడిగేవారికి ఇంతకంటె సూటి కొలబద్ద మాకు కనబడలేదు.

ఆ కొలబద్దతో మన అబ్బాయి బూట్లు కొలవండి. అతడు ఇంట్లో కూర్చొని ఉంటే పెద్దమనిషి బూట్లు తెచ్చేవాడా? తేడు. కాబట్టి అది ఉత్త కానుక కాదు. ఆటకు ఇచ్చినది. ఆటకు ఇచ్చినదైతే కూలి అని చెప్పి, ఇంత పనికి ఇంత అని ముందే చెప్పి, నలుగురి ఎదుట ఇవ్వవలె. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న దీన్ మనది, కూలి పుచ్చుకోవడం అవమానం కాదు. కూలి అని చెప్పక, కానుక అని నోటితో అంటూ మనసులో లెక్క వ్రాసుకోవడమే ప్రమాదం. కూలికి హద్దు ఉంటుంది. ఇట్లాంటి కానుకకు హద్దు లేదు.

ఇంకొక సంగతి, ప్రసంగం దారి తప్పినా చెప్పక తప్పదు. మన పిల్లలు ఊళ్ళలో పోటీలు పెట్టి, జట్టుకు ఇంత అని ప్రవేశ రుసుము వసూలు చేసి, ఆ కుప్పంతా గెలిచిన జట్టుకు ఇస్తున్నారు. ఆడేవాళ్ళందరూ పందెం కాసి గెలిచినవాడు ఎత్తుకొనిపోతే అది జూదంలోకి పోతుందని ఫిఖ్‌హు పెద్దలు హెచ్చరించినారు. బయటివారు బహుమతి పెడితే అభ్యంతరం లేదన్నారు. పోటీ పెట్టేవారు మౌలానా గారిని అడిగి పెట్టుకొనవలెనని మనవి.

ఆడపిల్లల సంగతి మరీ చిక్కు. నంద్యాలలోనే మన బిడ్డ ఒకతె హ్యాండ్‌బాల్ ఆడుతుంది. ఒక దుకాణం యజమాని సైకిలు ఇప్పిస్తానన్నాడు. మంచిదే గదా అనుకుంటే, మరుసటి వారం సెంటరులో ఫ్లెక్సీ లేచింది. దాత గారి బొమ్మ నిలువెత్తు, అమ్మాయి బొమ్మ అరచెయ్యంత. ఎవరినీ అడగలేదు. తల్లి పోయి సైకిలు వద్దని చెప్పి వచ్చింది. "సైకిల్ లేకపోతే నడుస్తాది. నా బిడ్డ మొగము ఆయన అంగడికి ఎందుకు?" అన్నది. అమెరికాలో ఓబానన్ కోర్టులో అడిగినదీ, ఈ తల్లి దుకాణం ముందు అడిగినదీ ఒకటే. ఆమెకు వకీలు లేడు, అంతే తేడా. ఆ అమ్మాయి ఇప్పటికీ నడిచే పోతున్నది. సైకిలు మన సంఘం చేతి మీదుగా వచ్చి ఉంటే ఆ తల్లి కాదనేది కాదని మాకు గట్టి నమ్మకము.

కాబట్టి మూడవ పెద్దాయన మాటకు మా జవాబు ఇది. కాలేజీ పిల్లవాడు ఆటకు సహాయం పుచ్చుకోవచ్చును, కానుకా పుచ్చుకోవచ్చును. చాటుగా పుచ్చుకోరాదు. మనం వద్దన్నంత మాత్రాన ఇచ్చేవాడు ఆగడు. మొదట మన చెయ్యి చాచితే ఆ చెయ్యి కోసం పిల్లవాడు వెతకడు.

కమిటీలో దీనిని ఎట్లా తేల్చినామో చెబుతాము. జకాత్ పద్దు నుండి ఆట పేరుతో ఏమీ ఇవ్వము. పేద విద్యార్థికి పేదవాడు గనుక జకాత్ ఇస్తాము, చేతికి ఇచ్చిన తరువాత అది అతనిది, పుస్తకం కొంటాడో బూట్లు కొంటాడో అతని ఇష్టం. గెలిచినవారికి బహుమతులు ఇవ్వాలంటే జకాత్‌ను తాకము, ఎందుకంటే గెలిచినవాడు పేదవాడే కానక్కరలేదు. చందాల పద్దులో ఆటల కోసం వేరే పేజీ తెరిచినాము. బూట్లు, బస్సు చార్జి, తిండి, అన్నిటికంటె ముందు దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు, వీటికి దాని నుండి ఇస్తాము. దాతలు ఎవరైనా ఆ పేజీలో వేయవచ్చును. ఫలానా పిల్లవాడికే ఇమ్మని పేరు చెప్పడానికి వీలు లేదు. ఫ్లెక్సీకి అంతకన్నా వీలు లేదు. ఈ షరతు విని ఇద్దరు దాతలు వెనక్కు తగ్గినారు. కొత్తవారు ముగ్గురు ముందుకు వచ్చినారు, అందులో ఒకరు ఆళ్ళగడ్డలో రాతి పని చేసుకొనే వారు. రెండు వందలు ఇచ్చి పేరు వ్రాయవద్దన్నారు.

కాలేజీల వారికి కూడా ఒక మాట. మీ పేరు మీద ఆడే పిల్లవాడికి సంవత్సరానికొక బీమా చేయించండి. మా పేజీలో డబ్బు చాలితే సగం మేము పెట్టుకుంటాము.

మోకాలు పోయిన ఆ అబ్బాయి చదువు పూర్తి చేసినాడు, అల్హమ్దులిల్లాహ్. కూతకు మాత్రం మళ్ళీ పోలేదు. సాయంత్రాలు ఆళ్ళగడ్డలో పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడు. ఈ ఏడు రెండు గుడ్లు, బూట్లు అడుగుతూ దరఖాస్తు పెట్టిన కుర్రవాడు అతని శిష్యుడే. దరఖాస్తు కూడా అతడే వ్రాయించినాడట. బూట్లు మొన్న శుక్రవారం జుమా తరువాత ఇచ్చినాము. రసీదు మీద కుర్రవాడి సంతకం, ప్రక్కన వాళ్ళ అమ్మ వేలిముద్ర ఉన్నవి. ఆ పుస్తకం కార్యదర్శి గారి దగ్గర ఉంటుంది, సభ్యులెవరైనా అడిగి చూడవచ్చును.